ఆల్జినేట్ పూసలా, మెథాక్రిలిక్ జెల్లా?

మింగే మందును జెల్‌లో పెట్టి, కడుపులో వదలకుండా చిన్నపేగులో వదలాలి. దానికి రెండు దారులు: ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసేది), మెథాక్రిలిక్ జెల్ (మెథాక్రిలిక్ ఆమ్లంతో కృత్రిమంగా చేసేది). రెండు జెల్స్‌లోనూ పని చేసేది కార్బాక్సిల్ (ఆమ్ల) గుంపులే: కడుపులాంటి పీహెచ్ 1.2లో జెల్ ముడుచుకుంటుంది, చిన్నపేగులాంటి 6.8లో ఆ గుంపులు అయాన్లుగా మారి జెల్ నీరు పీలుస్తుంది.

ఆల్జినేట్ సులువు. 100 మి.లీ. నీటిలో 2 గ్రా. సోడియం ఆల్జినేట్‌ను, నీరు గిరగిర తిరుగుతుండగా కొంచెం కొంచెంగా చల్లాలి. ఒకేసారి పోస్తే ఉప్మా ఉండలే. చెన్నై బోరు నీళ్లు అసలు వద్దు. వాటిలోని కాల్షియమే ముందుగా జెల్ కట్టించేస్తుంది. డిస్టిల్డ్ నీరే వాడండి. బుడగలు పోయేదాకా రాత్రంతా ఉంచి, మందు కలిపి, సిరంజితో 2 శాతం కాల్షియం క్లోరైడ్‌లోకి చుక్కలుగా వదలాలి. పూసకు తోక వస్తే ద్రావణం చిక్కనైందని అర్థం. నీటిలో కరిగే మందైతే పూసలు నానుతుండగానే బయటికి జారిపోతుంది, కాబట్టి మిగిలిన కాల్షియం క్లోరైడ్ ద్రావణంలోనూ మందు కొలవాలి. చెన్నై ఉక్కకు కాల్షియం క్లోరైడ్ తేమ లాగేస్తుంది. సీసా మూత తీసిన వెంటనే తూచాలి.

అసలు చిక్కు పేగుకు బదులుగా పరీక్షలో వాడే పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బఫర్‌లో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం): పూసను పట్టి ఉంచే కాల్షియాన్ని ఫాస్ఫేట్ లాగేసుకుంటుంది, పూస ఉబ్బి చివరికి విడిపోతుంది. గంటల తరబడి నిదానంగా వదలాలంటే మెథాక్రిలిక్ జెల్లే నయం. దాని బంధాలు రసాయనికమైనవి, ఉబ్బినా కరగదు. కానీ నైట్రోజన్ పంపి ఆక్సిజన్ తీసేయకపోతే పాలిమరైజేషన్ (చిన్న అణువులు గొలుసులుగా కలిసి జెల్ కట్టడం) సరిగా సాగదు. గొలుసులో కలవకుండా మిగిలిన మోనోమర్ (ఆ చిన్న అణువులు) పోవాలంటే నీళ్లు మార్చి మార్చి రోజుల తరబడి కడగాలి. ప్రోటీన్ మందును ముందే కలపకండి, వేడికీ, ఆ చర్యను నడిపే చురుకైన రాడికల్స్‌కీ పాడవుతుంది. కడిగిన జెల్‌ను తర్వాత మందులో నానబెట్టండి.