తుప్పు మేకుల నేలలో వీఎల్‌ఎఫ్ డిటెక్టరా, పల్స్ ఇండక్షన్ డిటెక్టరా?

పాత ఇళ్లు కూలిన చోట నాణేలూ గుండీలూ తుప్పు పట్టిన మేకుల మధ్యే ఉంటాయి. అందుకే అక్కడ మెటల్ డిటెక్టర్ ఎంత లోతుకు చూస్తుందన్నదాని కంటే ఇనుమును ఎంత బాగా వేరు చేస్తుందన్నదే ముఖ్యం.

వీఎల్‌ఎఫ్ (వెరీ లో ఫ్రీక్వెన్సీ, అంటే అతి తక్కువ పౌనఃపున్యం) యంత్రం తరంగాలను ఆపకుండా పంపుతూ, తిరిగి వచ్చే సంకేతం ఫేజ్‌ను (పంపిన తరంగం కంటే అది ఎంత వెనుకబడిందన్నదాన్ని) బట్టి లోహమేదో అంచనా వేస్తుంది. పల్స్ ఇండక్షన్ యంత్రం విడివిడిగా పల్సులు పంపి, ఒక్కో పల్సు ఆగాక లోహంలో మిగిలిన విద్యుత్ప్రవాహం ఎలా తగ్గిపోతుందో గమనిస్తుంది. ఇనుమును గుర్తుపట్టడంలో అది బాగా వెనుకబడుతుంది. అలాగని వీఎల్‌ఎఫ్ మోసపోదని కాదు: వంగిన మేకూ ఇనుప వాషరూ మంచి లోహంలాగే మోగుతాయి, మేకును ఆనుకొని ఉన్న ఇత్తడి గుండీ అసలు మోగకపోవచ్చు. అనుమానం వచ్చినచోట తొంభై డిగ్రీలు పక్కకు తిరిగి మళ్లీ కాయిల్‌ను (నేల మీద తిప్పే డిటెక్టర్ తలను) ఆడిస్తే, మేకు శబ్దం చాలావరకు తెగిపోతుంది, నాణెం శబ్దం నిలకడగా ఉంటుంది. ఆరంగుళాల చిన్న కాయిల్, ఎక్కువ రికవరీ వేగం (ఒక లోహం మోగాక పక్కదాన్ని పట్టడానికి యంత్రం సిద్ధమయ్యే వేగం) ఇక్కడ ఎంతో మేలు చేస్తాయి.

ఖర్చు: పల్స్ ఇండక్షన్‌కే సాధారణంగా ఎక్కువ.
శ్రమ: దానితో దాదాపు ప్రతి మోతకూ తవ్వాల్సిందే.
ప్రమాదం: యుద్ధభూముల్లో పేలని గుండ్లూ ఇనుపవే కనుక, పెద్ద మోత వినగానే పార దించడం రెండింటితోనూ తగదు.

మేకులు దట్టంగా ఉన్న నివాస స్థలాలకు వీఎల్‌ఎఫ్‌నే ఎంచుకోవాలి. ఇనుము పలచగా ఉండి, ఖనిజాలు వీఎల్‌ఎఫ్ లోతును మింగేసే నేలలోనూ, ఉప్పునీటి తీరంలోనూ పల్స్ ఇండక్షన్‌కు పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది.