విద్యార్థి భవన్: దోసె సరే, మాటలకు ఎన్ని మార్కులు?

బెంగళూరు గాంధీ బజార్‌లో ఉన్న విద్యార్థి భవన్ హోటల్ మసాలా దోసె గురించి ఇప్పటికే బోలెడుమంది రాశారు. పైన ఎర్రగా కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది, నెయ్యి వేళ్ళకి అంటుతుంది, చట్నీ పల్చగా పోస్తారు. బాగుంటుంది, అంతే. నేను చెప్పబోయేది వేరే: చాన్నాళ్ళకి కలిసిన స్నేహితురాలితో మాట్లాడుకోడానికి ఈ హోటల్ పనికొస్తుందా?

లెక్కప్రకారం పనికిరాకూడదు. 1943 నాటి హోటల్, పెద్దదేం కాదు. ఆదివారం పొద్దున వెళితే పేరు రాయించుకుని బయట నిలబడాలి. లోపల గోల. టేబుల్ ముక్కూమొహం తెలియనివాళ్ళతో పంచుకోవాలి. తినేసి కబుర్లలో పడితే వెనక కాచుకున్నవాళ్ళ చూపులు వీపుకి తగులుతాయి.

నాతో వచ్చింది హాస్టల్ నాటి స్నేహితురాలు. ఇద్దరిదీ హిందూపురమే, ఇద్దరం ఉండేదీ బెంగళూరులోనే. తను వైట్‌ఫీల్డ్, నేను ఎలక్ట్రానిక్ సిటీ. మధ్యలో ట్రాఫిక్ ఎరిగినవాళ్ళెవరూ మేం ఎందుకు కలవమో అడగరు. కాకపోతే రోజూ ఒకరి స్టేటస్ ఒకరం చూస్తాం. చిక్కంతా అక్కడే వచ్చింది.

"కూర్గ్ పోయింటిరంట కదా?" అన్నాను, లైన్లో నిలబడి.

"చూసినావు కదే!"

"పాప డాన్సు బాగా చేసింది మే."

"లైక్ కొట్టినావులే."

అడగాల్సినవన్నీ ఎప్పటికప్పుడు ఆ 24 గంటల స్టేటస్‌లో అయిపోయాయి. ఇంక ఎండ గురించి, ఇంటద్దెల గురించి మాట్లాడి, ఇద్దరం ఫోన్లు తీశాం. లైన్లో అందరిదీ అదే పని. బయట వెయిటింగ్‌కి మార్కులు సున్నా, అందులో హోటల్ తప్పేం లేదు.

లోపలికి వెళ్ళగానే అసలు తమాషా. మణికట్టు నుంచి భుజందాకా దోసె ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని వస్తాడు సర్వరు. ఒక్కసారిగా ఫోన్లు పైకి లేస్తాయి. 2020 జూన్‌లో మన దేశంలో టిక్‌టాక్ ఆపేసి, జూలైలో ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వచ్చినప్పటి నుంచీ ఊళ్ళో ఏ హోటల్‌కెళ్ళినా ఇంతే. నా స్నేహితురాలు కూడా తీసి, మా దోసె రాకముందే స్టేటస్‌లో పెట్టేసింది. ఆ సర్వరు మాత్రం ఒక్క కెమెరావైపూ చూడలేదు. ఆయన కళ్ళు ఏ టేబుల్‌కి ఎన్ని చెప్పారన్న దానిమీదే.

దోసె వచ్చాక ఫోన్ పెట్టుకునే చోటు లేదు. ఊరికే టేబుల్ మీద ఫోన్ ఉన్నా మనుషుల మధ్య దగ్గరితనం తగ్గుతుందని 2012లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీవాళ్ళు ఒక ప్రయోగం చేసి చెప్పారు. తర్వాత వేరేవాళ్ళు చేస్తే అలా తేలలేదట. ఏదేమైనా, ఇక్కడ నెయ్యి వేళ్ళతో స్క్రీన్ ముట్టుకునే ధైర్యం మాకు లేదు.

ఎదురుగా కూర్చున్న పెద్దాయన రవ వడ తింటూ "యావ ఊరమ్మా నిమ్దు?" అన్నాడు. హిందూపురం అనగానే తెలుగులోకి దిగిపోయాడు, వాళ్ళమ్మ పుట్టిల్లు మడకశిర దగ్గరంట. ఇంక వరసపెట్టి ప్రశ్నలు. పెళ్ళయిందా, పిల్లలెందరు, ఏం పని చేస్తావు. ఈ కాలంలో ఎవరూ అడగకూడదనుకునేవన్నీ అడిగాడు.

"పని మానేసినా సార్, ఉగాదికి ముందే," అంది తను.

నా చేతిలో దోసె ముక్క అట్లే ఉండిపోయింది. మొన్న పెట్టిన ఆఫీసు ఫోటో? పాతదంట. వాళ్ళ నాయనకి డయాలసిస్ అంట, వారానికి మూడుసార్లు, తోడు ఎవరో ఒకరుండాల. ఎదురుగా ఉన్న పెద్దాయన తన స్టేటస్ చూడడు కాబట్టి అడిగాడు. నేను రోజూ చూస్తాను కాబట్టి అడగలేదు. ఆయన తన కాఫీ ముగించి, "జాగ్రత్త తల్లీ, ఉప్పు తగ్గించమను," అని లేచిపోయాడు.

మేం ఇంకో కాఫీ చెప్పి కాసేపు సీటు దక్కించుకున్నాం. తర్వాత బ్యూగుల్ రాక్ పార్కుకి నడిచి, ఎండెక్కేదాకా మాట్లాడుకున్నాం. అంతకుముందు మేం కలిసింది మెత్తటి సోఫాలు, ఉచిత వైఫై ఉన్న కేఫ్‌లో. అక్కడ ఎవ్వరూ లేవమనలేదు, మేమూ ఒకళ్ళనొకళ్ళం పట్టుమని పది మాటలు అడగలేదు.

దోసెకి ఐదుకి ఐదు. సీటు సుఖానికి ఒకటిన్నర. మాటలకి నాలుగు, అదీ పక్కన ఎవరు కూర్చుంటారన్న అదృష్టాన్ని బట్టి. శుక్రవారం సెలవు, మధ్యాహ్నం కొంతసేపు మూస్తారు. కారు వద్దు, మెట్రోలో నేషనల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి నడవండి. ఇద్దరే వెళ్ళండి. నలుగురు వెళితే టేబుల్ మొత్తం మీకే ఇచ్చేస్తారు, అలాంటి పెద్దాయనకి చోటుండదు.