టైనీఎస్ఏ: ఒక ఆదివారం పోయింది గానీ డబ్బులు దండగ కాలేదు

అనంతపురంలో స్పెక్ట్రమ్ ఎనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో తెరమీద చూపే పరికరం) కావాలంటే ఏ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబు వాళ్లనో బతిమాలుకోవాలి, లేదా లక్షలు పెట్టాలి. రెండూ నావల్ల కాక టైనీఎస్ఏ అనే బుల్లి ఎనలైజర్ తెప్పించుకున్నా. పాత చిన్న మోడల్, 2.8 అంగుళాల తెర, పేకల పెట్టెంత ఉంటుంది. నకిలీలు తిరుగుతున్నాయి, చౌక అని తొందరపడొద్దు.

నేను సొంతంగా కట్టుకున్న 7 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్ ఒకటుంది, 5 వాట్లు. అసలు సిగ్నల్‌తో పాటు దానికి రెట్టింపు, మూడింతల ఫ్రీక్వెన్సీల్లో కూడా కొంత అనవసరపు సిగ్నల్ బయటికొస్తుంది, వాటినే హార్మోనిక్‌లంటారు. దాని రెండో హార్మోనిక్ 14 దగ్గర, మూడోది 21 దగ్గర, రెండూ హామ్ (అభిరుచి రేడియో వాళ్ల) బ్యాండ్లే, అంటే మన చెత్త వేరేవాళ్ల నెత్తిన పడుతుంది. 5 వాట్లు తట్టుకునే 40 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే ముక్క; ఎంత తగ్గిందో, ఎంత తేడా ఉందో చెప్పే లెక్కే డీబీ) పెట్టి చూస్తే రెండో హార్మోనిక్ అసలు సిగ్నల్ కంటే 28 డీబీయే కింద ఉంది! అమెరికా రూల్ ప్రకారం కనీసం 43 ఉండాలి. ఇంకేముంది, ట్రాన్స్‌మిటర్‌లో హార్మోనిక్‌లను ఆపే ఫిల్టర్ బోర్డు విప్పి, కాయిల్ చుట్లు లెక్కపెట్టి, ఒకటి తీసి, మళ్లీ చుట్టి, కరెంటు పోతే ఫోన్ లైటులో సోల్డర్ చేసి... అంకె మాత్రం కదల్లేదు.

సాయంత్రం పాతూరు నుంచి మిత్రుడొచ్చి "లోపలికి ఎంత ఇస్తున్నావప్పా?" అన్నాడు. 5 వాట్లంటే 37 డీబీఎం (ఒక మిల్లీవాట్‌ను సున్నాగా పెట్టుకుని పవర్‌ను డీబీల్లో చెప్పే లెక్క), 40 పోతే మైనస్ 3. అంతకు ఎనలైజర్ కాలిపోదు గానీ, కొలత సరిగ్గా రావాలంటే మైనస్ 25 లోపు ఇవ్వమని తయారుచేసినవాళ్లే చెబుతారు. పైగా లోపలి అటెన్యుయేషన్‌ను ఆటోలోంచి తీసి సున్నా చేసింది నేనే. వాడు తెచ్చిన 20 డీబీ అటెన్యుయేటర్ కూడా కలిపాం. అసలు సిగ్నల్ 20 దిగింది, హార్మోనిక్ 38 దిగింది, తేడా 46కి వచ్చింది. ట్రాన్స్‌మిటర్‌దే అయితే హార్మోనిక్ కూడా 20యే దిగాలి. అంటే పొద్దుట్నుంచీ నేను చూస్తున్నది ఎనలైజర్ తనలో తనే పుట్టించుకున్న హార్మోనిక్. అనుమానమొస్తే ఇంకో 10 డీబీ తగ్గించి చూడండి, రెండూ సమానంగా దిగితే తప్పు ట్రాన్స్‌మిటర్‌దే.

వీహెచ్ఎఫ్ హ్యాండీ (చేతిలో పట్టుకునే రేడియో) వాళ్లకు ఒక చిక్కుంది. 145 మెగాహెర్ట్జ్‌కి మూడో హార్మోనిక్ 435, ఈ చిన్న మోడల్‌లో తక్కువ ఫ్రీక్వెన్సీలకున్న లో పోర్టు 350 దగ్గరే ఆగిపోతుంది, ఎక్కువ ఫ్రీక్వెన్సీలకున్న హై పోర్టు అంత శుభ్రంగా చూపదు. మీరు టైనీఎస్ఏలోనే అల్ట్రా అనే మోడల్ చూసుకోండి. ఎండలో మిద్దెపైన తెర అస్సలు కనిపించదు, అదీ చెబుతున్నా.

కొనేటప్పుడే 20 డీబీ అటెన్యుయేటర్ ఒకటి కలిపి తెప్పించుకోండి. మిత్రుడిది ఇంకా నా టేబుల్ మీదే ఉంది, రెండుసార్లు అడిగాడు.