పైనాపిల్ కాబ్లర్: జారు పిండా, ముద్ద పిండా, కేక్ మిక్సా?

కాబ్లర్ అమెరికా దక్షిణాది రాష్ట్రాల ఇళ్లలో పాత వంట. కింద పండ్లు, పైన పిండి. ఓవెన్లో పెట్టి, వేడిగా ఉండగానే గరిటెతో తీసి గిన్నెల్లో వేసుకుంటారు. పీచ్, బ్లాక్‌బెర్రీ లాంటివి దానికి అసలు పండ్లు. పైనాపిల్ వాటి తర్వాత చేరింది. జేమ్స్ డోల్ అనే వ్యాపారి హవాయిలో 1901లో పైనాపిల్ కంపెనీ పెట్టాడు. 1911లో హెన్రీ జినాకా అనే ఇంజనీరును తెచ్చుకుని, కాయ చెక్కు తీసి మధ్యలోని గట్టి కాడను తొలిచే యంత్రం చేయించాడు. ఆ తర్వాత టిన్ను పైనాపిల్ అమెరికాలో మామూలు ఇళ్ల అలమరాల్లోకి చేరిపోయింది. తేలిక కాబ్లర్ రెసిపీల్లో చాలావాటిలో ఇప్పటికీ టిన్నే కనబడటానికి కారణం అదే.

అయితే పీచ్‌కి కుదిరిన పద్ధతి పైనాపిల్‌కి అలాగే కుదరదు. ఇది నీళ్ల పండు, పైగా పులుపు. వేడి తగలగానే రసం వదులుతుంది. ఆ రసాన్ని పైనున్న పిండి ఏం చేస్తుందన్న దాన్ని బట్టే ఏది మేలో తేలుతుంది. నా ఓటు జారు పిండికి, అదీ తాజా పండును కాసేపు ఉడికించి వేస్తేనే. మిగతా రెండు పద్ధతులకీ వాటి వేళ వాటికుంది.

జారు పిండి అంటే దోసె పిండి కంటే కొంచెం పలచన. 240 మిల్లీలీటర్ల కప్పుతో ఒక కప్పు మైదా, ముప్పావు కప్పు పంచదార, ఒకటిన్నర టీస్పూను బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, ఒక కప్పు పాలు. గుడ్డు లేదు. గుడ్డు వంటింట్లోకి రానివ్వని ఇళ్లలో కూడా ఏ మార్పూ లేకుండా చేసుకోవచ్చు. 20 సెంటీమీటర్ల చదరపు గిన్నెలో 100 గ్రాముల వెన్న కరిగించి పోయాలి, దాని మీద పిండి, పిండి మీద రెండున్నర కప్పుల పైనాపిల్ ముక్కలు. కలపకూడదు. చేతులు ఊరుకోవు, అయినా కలపకూడదు. ఓవెన్లో పండు కిందికి దిగుతుంది, పిండి దాని చుట్టూ పైకి పొంగుతుంది, వెన్న అంచుల వెంట పైకెక్కి పిండిని వేయించినట్టు చేస్తుంది. ఆ ఎర్రటి కరకర అంచు కోసమే ఇంట్లో పోటీ ఉంటుంది. కలిపేస్తే వెన్న పిండిలోకి ఇంకిపోయి మామూలు కేకు వస్తుంది, అంచు రాదు.

పైనాపిల్ రసం ఇక్కడ బాగా కలిసొస్తుంది. కొద్దిగా ఎక్కువైనా పిండి పీల్చుకుని కింద మెత్తటి పుడ్డింగులా ఉంటుంది. దాన్ని ఎవరూ తప్పు పట్టరు.

ముద్ద పిండిది వేరే కథ. ఒకటిన్నర కప్పు మైదాలో 75 గ్రాముల చల్లటి వెన్న ముక్కలను వేళ్లతో రవ్వలా నలిపి, మజ్జిగతో ముద్ద చేసి, పండ్ల మీద చెంచాతో అక్కడక్కడా పెడతారు. పైభాగం గరుకుగా, కరకరలాడుతూ వస్తుంది, పంచదార కూడా తక్కువ పడుతుంది. చూడ్డానికి మూడింటిలో ఇదే అందం. కానీ కింద పైనాపిల్ రసం సలసల కాగుతుంటే పైన పిండి ఎర్రబడుతుంది, అడుగు మాత్రం పచ్చిపచ్చిగా జిగురుగా మిగిలిపోతుంది. అలా కాకూడదంటే పండును ముందే ఒక చెంచా కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబడేదాకా ఉడికించి, అది వేడిగా ఉండగానే ముద్దలు పెట్టాలి. ఆపైన ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ వంటింట్లో వెన్న నలుపుతుంటే వేళ్ల మధ్యే కరిగిపోతుంది. ఫ్రీజర్లో గట్టిపడిన వెన్నను తురుముకుంటే కొంత నయం. తేలిక అని మొదలుపెట్టిన వంటకి ఇంత హడావిడి ఎందుకనిపిస్తుంది. పీచ్‌కో, యాపిల్‌కో అయితే నేనూ ముద్ద పిండే అంటాను.

మూడోది కేక్ మిక్స్. టిన్నులోని పైనాపిల్ తురుము రసంతో సహా గిన్నెలో వేసి, పైన పసుపు రంగు కేక్ మిక్స్ (కేకు కోసం మైదా, పంచదార ముందే కలిపి పెట్టెల్లో అమ్మే పొడి) పొడిగానే చల్లి, వెన్న పలచటి బిళ్లలుగా పరిచి ఓవెన్లో పెట్టడమే. అసలైన కాబ్లర్ కాదని పట్టుబట్టేవాళ్లు ఉంటారు గానీ, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో శనివారం పాట్‌లక్‌కి (తలా ఒక వంట తెచ్చుకునే విందుకి) ఇరవై మందికి తీసుకెళ్లాలంటే ఇదే దిక్కు. ఇక్కడ రసం కావాలి, పొడిని తడిపేది అదే. రసం వడకట్టేస్తే తినేటప్పుడు నోట్లో పొడి పిండి తగులుతుంది. వెన్న బిళ్లల మధ్య ఖాళీలు మిగిలినా అంతే. ఇంకో సంగతి: ఆ మిక్స్ పెట్టెలు ఒకప్పుడు 18.25 ఔన్సులుండేవి, తర్వాత 15.25కి తగ్గాయి. పాత రెసిపీ చూసి అన్నే టిన్నులు, అంతే వెన్న వేస్తే జావలా వస్తుంది. తీపి మాత్రం నాకు ఎక్కువే. పిల్లలకి ఆ ఫిర్యాదు ఉండదు.

ఇక పండు తాజాదా, టిన్నుదా? టిన్నుతో టెన్షన్ లేదు. ఏ నెలలో చేసినా ఒకే రుచి, ముక్కలు ముందే ఉడికి ఉంటాయి. మన దగ్గర దొరికే 850 గ్రాముల టిన్నులో ఆ బరువు పండుదీ పాకానిదీ కలిపి. వడకడితే సుమారు సగమే మిగులుతుంది, అది మన రెండున్నర కప్పుల కొలతకి దాదాపు సరిపోతుంది. పంచదార పాకంలో ఉన్నదైతే పిండిలో పంచదార అరకప్పుకు తగ్గించాలి. సొంత రసంలో ఉన్నది దొరికితే అదే తీసుకోండి. వడకట్టిన పాకం పారబోయకుండా చిన్న మంట మీద సగానికి మరిగించి ఐస్‌క్రీమ్ మీద పోస్తే బాగుంటుంది.

తాజా పండుకి వాసన ఎక్కువ, ఆ వాసన టిన్నులో రాదు. పెద్దగా, రసంగా ఉండే క్యూ రకం కంటే చిన్నగా, ముదురు పసుపు గుజ్జుతో ఉండే క్వీన్ రకం కాబ్లర్‌కి మేలు. తీపి ఎక్కువ, నీరు తక్కువ. ఉత్తరాంధ్రలో వానలు మొదలయ్యాక సీతంపేట ఏజెన్సీ అనాసలు రోడ్ల పక్కన కుప్పలుగా కనబడతాయి. సింహాచలం కొండ అనాసకీ పేరుంది. కొనేటప్పుడు అడుగు భాగం వాసన చూసి తీసుకోండి. కోశాక అనాస మెత్తబడుతుందే తప్ప తీపెక్కదు. పులుపు కాయను ఇంట్లో వారం పెట్టినా లాభం లేదు.

తాజా పండుతో ఒక చిక్కుంది. ఉడికించని పైనాపిల్‌లో బ్రొమిలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, పాలలోని ప్రొటీన్‌ను విరగ్గొడుతుంది. ఉడికించని ముక్కలు పాలు కలిపిన పిండి మీద వేసి, ఓవెన్ వేడెక్కేదాకా పక్కన పెట్టారంటే చేదు మొదలవుతుంది. పాల బదులు పెరుగు వేసినా ఇదే గొడవ. వేడి తగిలితే ఆ ఎంజైమ్ పనిచేయదు. అందుకే ముక్కల్ని రెండు చెంచాల పంచదారతో ఐదారు నిమిషాలు మూత లేకుండా ఉడికించమంటున్నాను. చేదు భయం పోతుంది, అదనపు రసమూ ఇగిరిపోతుంది. టిన్ను పండుకి ఈ పని అక్కర్లేదు. తేడా మొత్తం ఒక చిన్న మూకుడు కడుక్కోవడమే అనుకుంటే తాజాదే గెలుస్తుంది.

అమెరికా రెసిపీల్లో 350 అని ఉంటే అది ఫారన్‌హీట్. మన ఓటీజీలో (ఇళ్లలో వాడే చిన్న కరెంటు ఓవెన్లో) 180 డిగ్రీల సెల్సియస్ పెట్టాలి, పైనా కిందా రెండు రాడ్లూ వెలగాలి, మధ్య అరలో 40 నుంచి 45 నిమిషాలు. మైక్రోవేవ్ అయితే కన్వెక్షన్ ఉన్నది కావాలి, మామూలు దాంట్లో ఎర్రబడదు. కుక్కర్లో ఉప్పు పోసి, గాస్కెట్, విజిల్ తీసేసి చేయొచ్చు గానీ పైభాగం పాలిపోయే ఉంటుంది. అందులో జారు పిండి ఒక్కటే పనికొస్తుంది, ముద్ద పిండి జోలికి వెళ్లొద్దు. అల్యూమినియం గిన్నె వద్దు, పైనాపిల్ పులుపుకి లోహపు రుచి వస్తుంది. ఓవెన్లో గాజు గిన్నె, కుక్కర్లో స్టీలు గిన్నె చాలు. చాలా రెసిపీలు వెన్నను ఓవెన్లోనే గిన్నెలో కరిగించమంటాయి. గాజు గిన్నెకి అలా వద్దు. కాలే గాజు మీద ఫ్రిజ్ పాలతో కలిపిన పిండి పోస్తే పగలొచ్చు. వెన్న స్టవ్ మీద విడిగా కరిగించుకోండి, పాలు గది వేడిలో ఉంచుకోండి.

ఓవెన్లోంచి తీశాక ఓ ఇరవై నిమిషాలు ఆగితే రసం చిక్కబడుతుంది. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు ఓటీజీలో పది నిమిషాలు వేడి చేస్తే అంచు మళ్లీ కరకరలాడుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే మాత్రం మెత్తగా సాగుతుంది.