కరెంటు బిల్లు సగం తగ్గుతుందని ఇంటికొచ్చి అమ్మే 'పవర్ సేవర్' పెట్టెలు కొనకండి

అందరికీ నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ప్లగ్గులో పెడితే చాలు, కరెంటు బిల్లు సగానికి పడిపోతుందని చెప్పి అమ్మే చిన్న పెట్టెలు రెండు ఈ ఏడాది మే నెలలో కొన్నాను. ఒకటైతే 2,200, రెండూ కలిపి తీసుకుంటే 3,800 అన్నారు. రెండూ తీసుకున్నాను. వాటి వల్ల ఒక్క యూనిట్ కూడా తగ్గలేదు. పైగా ఒకటి వేడెక్కి గోడలో ప్లగ్గు పాయింటు మాడిపోయింది. ఇప్పుడు అవే పెట్టెలు చించినాడ వంతెన అవతల మా చెల్లెలి ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి అమ్ముతున్నారని నిన్న ఫోనులో చెప్పింది. సార్వా ధాన్యం డబ్బులు చేతికొచ్చే రోజులివి. అందుకే పనులన్నీ పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో దుబారా ఉండదు. కొబ్బరి డొక్కలూ మట్టలూ నీళ్ళ పొయ్యిలోకి, ఈనెలు చీపుర్లకి. చింతపండు, మిరపకాయలు, కందిపప్పు కొత్తవి వచ్చినప్పుడే ఏడాదికి సరిపడా కొని, ఎండబెట్టి డబ్బాల్లో పోస్తాం. చెట్టు నుంచి రాలిన కాయల్ని కూడా పారేయకుండా ఎండబెట్టి గానుగకి ఇచ్చి నూనె ఆడించుకుంటాం. మా అత్తయ్యగారు నేర్పిన పద్ధతులివన్నీ. ఇవి ఎందుకు చెబుతున్నానంటే, ఆ అమ్మేవాళ్ళు చూసుకుని వచ్చేది ఇలాంటి ఇళ్ళకే. రూపాయి రూపాయి లెక్క చూసుకునే మనిషికి 'తగ్గుతుంది' అనే మాట వినపడితే ఆగి వింటుంది. నేనూ ఆగి విన్నాను.

రోహిణి కార్తె ఎండలు. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. మా వారు రైస్ మిల్లులో ఉన్నారు. మెడలో కార్డులు, చేతిలో ఫైలు. ముందు నేరుగా మీటరు దగ్గరికెళ్ళి సర్వీసు నంబరు రాసుకున్నారు. కరెంటాఫీసు వాళ్ళే అనుకున్నాను. వాళ్ళు ఆ మాట అనలేదు, కాదని కూడా అనలేదు. "పాత బిల్లు చూపిస్తారా అమ్మగారూ" అన్నారు. తెచ్చి ఇచ్చాను. 268 యూనిట్లు.

అక్కడ వాళ్ళు చెప్పిన లెక్క మాత్రం నిజమే. 2022లో మార్చిన రేట్ల ప్రకారం ఇళ్ళకి మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6 రూపాయలు, అది దాటితే 400 దాకా 8 రూపాయల 75 పైసలు. అంటే 225 దాటిన నా 43 యూనిట్లకే 376 రూపాయలు పడింది. "ఈ పెట్టె పెడితే మీరు ఎప్పటికీ ఆ స్లాబు దాటరమ్మా" అన్నాడు ఒకబ్బాయి. ముందు నిజం చెప్పి నమ్మకం కలిగించాక, ఆ తర్వాత చెప్పేది అబద్ధమని మనకి తట్టదు.

తర్వాత చెక్క బోర్డు తీశారు. దానిమీద పాత చోకు ట్యూబ్‌లైటు, పక్కన ఎంత కరెంటు పారుతోందో ఆంపియర్లలో చూపించే మీటరు. లైటు వేస్తే 0.40 చూపించింది. పక్కన పెట్టె గుచ్చగానే 0.22కి పడింది. లైటు వెలుగు ఏమీ తగ్గలేదు. నా కళ్ళతో చూశాను కదా అనుకున్నాను.

సాయంత్రం మా వారికి చూపిస్తే ఆయన కూడా తప్పు పట్టలేదు. "ఇందులో ఉండేది కెపాసిటర్, అదే కండెన్సర్. మిల్లులో మేమూ పెడతాం, పెనాల్టీ పడకుండా" అన్నారు. పొలం మోటార్లకి కెపాసిటర్ పెట్టుకోమని కరెంటు వాళ్ళు చెప్పడం రైతులందరికీ తెలుసు. కాబట్టి ఇంట్లో పెట్టినా మంచిదేగా అనుకున్నాం. ఈ ఒక్క పోలిక వల్లే చదువుకున్నవాళ్ళు కూడా మోసపోతున్నారు కాబట్టి అది ఎలాగో నాకు అర్థమైనంత చెబుతాను.

అంతర్వేది వైపు కాలవల్లో పోటూ పాటూ చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా తెలుస్తుంది. పోటుకి నీరు కాలవలోకి ఎక్కుతుంది, పాటుకి మళ్ళీ వెనక్కి పోతుంది. కాలవ నిండినట్టే కనిపిస్తుంది గానీ అందులో మన చేలోకి పారింది కొంతే. చోకులూ మోటార్లూ ఉన్నచోట కరెంటు కూడా ఇలాగే కొంత ఊరికే వచ్చి పోతూ ఉంటుంది. కెపాసిటర్ పెడితే ఆ వచ్చిపోయేది తగ్గుతుంది, అందుకే ఆంపియర్లు తగ్గాయి. బోర్డు మీద వాళ్ళు చూపించింది గారడీ కాదు. కానీ మన ఇంటి మీటరు లెక్కపెట్టేది చేలోకి పారిన నీటినే. వచ్చిపోయే కరెంటుకి ఇళ్ళ బిల్లులో డబ్బే పడదు. పడనిదాన్ని తగ్గిస్తే మనకి మిగిలేదేముంది? పెద్ద మిల్లుల్లాంటి హెచ్‌టీ (హై టెన్షన్) సర్వీసులకి బిల్లు వేసే పద్ధతి వేరు, అక్కడ దానికీ లెక్క ఉంటుంది. అందుకని మిల్లులో కెపాసిటర్ వల్ల లాభం ఉంటుంది, మన వంటింటి ప్లగ్గులో ఉండదు.

ఇది నాకు వెంటనే తెలియలేదు. జులైలో బిల్లు 236 యూనిట్లు, ఆగస్టులో 193 వచ్చింది. నేను పొంగిపోయి వీధిలో ముగ్గురికి చెప్పాను. వాళ్ళలో ఒకరు నా మాట మీదే కొనుక్కున్నారు. ఇవాళ్టికీ ఆవిడ ముఖం చూడటం నాకు కష్టంగా ఉంది.

పక్కింటి పిన్నిగారు మాత్రం "మాకూ తగ్గిందమ్మా, వానలొచ్చాయి కదా" అన్నారు. వాళ్ళింట్లో పెట్టె లేదు. అప్పుడు అనుమానం వచ్చింది. మీటరు దగ్గర ఇచ్చే బిల్లు కాగితం మీద అక్షరాలు కొన్నాళ్ళకి చెరిగిపోతాయి కాబట్టి నేను ప్రతి నెలా యూనిట్లు గోడ క్యాలెండర్ మీద రాస్తాను, పాత క్యాలెండర్లు దాస్తాను. తీసి చూస్తే పోయిన ఏడాది జులైలో 238, ఆగస్టులో 190. పెట్టె లేనప్పటికీ ఉన్నప్పటికీ తేడా లేదు. వాళ్ళు ఈ పెట్టెలు మంచి ఎండల్లో ఎందుకు అమ్ముతారో నాకు అప్పుడు అర్థమైంది. మే నెల తర్వాత ఎవరి బిల్లయినా తగ్గుతుంది. ఇప్పుడు చలికాలం మొదట్లో అమ్మినా అంతే, ఫ్యాన్లు ఆగిపోతాయి కాబట్టి మన కళ్ళకి పెట్టె పనిచేసినట్టే ఉంటుంది.

మా అబ్బాయి భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సెలవులకి వచ్చినప్పుడు మీటరు మీద ఎర్ర లైటు చూపించాడు. మా మీటరు మీద 3200 అని రాసి ఉంది, అంటే ఆ లైటు 3200 సార్లు మినుక్కుమంటే ఒక యూనిట్. ఫ్రిజ్ ఆపేసి, మూడు ఫ్యాన్లే వేసి పది నిమిషాలు లెక్కపెట్టాం. పెట్టె లేకుండా 121. పెట్టె పెట్టి మళ్ళీ పది నిమిషాలు, 121. మీలో ఎవరైనా ఇప్పటికే కొని ఉంటే ఇంట్లోనే ఇలా చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. మీటరు తెరవొద్దు, తాకొద్దు, ఊరికే లైటు లెక్కపెట్టండి.

దసరా తర్వాత ఒక రాత్రి వంటింట్లో కాలిన వాసన వచ్చింది. చూస్తే పెట్టె వెనకాల ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మారి, ప్లగ్గు పాయింటు మెత్తబడిపోయింది. ఆ ప్లగ్గుకి మూరెడు దూరంలో గ్యాస్ సిలిండర్ ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ. మర్నాడు మా ఊరి ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే మెయిన్ ఆపి, పెట్టె విప్పి చూపించాడు. "ఇందులో ఏముందమ్మా, ఫ్యాన్‌కి వేసే కండెన్సర్ లాంటిదే, ఓ చిన్న లైటు, అంతే" అన్నాడు. ఆ కండెన్సర్ షాపులో 50, 60 రూపాయలకి దొరుకుతుందట. పచ్చ లైటు వెలుగుతుంటే పనిచేస్తోందని నేను ఐదు నెలలు నమ్మాను.

డబ్బు వెనక్కి రాలేదు. రసీదు మీద ఉన్న ఫోను మొదటి నెల ఎత్తారు, తర్వాత స్విచ్ ఆఫ్. రసీదులో జీఎస్టీ నంబరు లేదు, వీధి పేరు లేదు, ఊరి పేరు ఒక్కటే ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేసుకోవచ్చు. కానీ అవతలివాళ్ళ చిరునామా లేకపోతే నోటీసు ఎవరికి పంపుతారు? అందుకే ఇంటికొచ్చి అమ్మే ఏ వస్తువైనా ముందు రసీదు అడగండి, అందులో జీఎస్టీ నంబరూ పూర్తి చిరునామా ఉన్నాయో లేదో చూశాకే డబ్బు ఇవ్వండి. ఇప్పటికే మోసపోయినవాళ్ళు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించవచ్చు. మీటరు చూస్తున్నవాళ్ళు కరెంటాఫీసు మనుషులో కాదో అనుమానం వస్తే 1912కి ఫోన్ చేసి కనుక్కోండి. ఆ ఒక్క ఫోను నేను చేసి ఉంటే సరిపోయేది.

అదే సంచిలో వాళ్ళు స్టవ్ మీద పెట్టే జాలీలు కూడా అమ్మారు, గ్యాస్ మిగులుతుందని. మా తోడికోడలు కొంది. మంట పసుపు రంగులోకి మారి గిన్నెలన్నీ మసి పట్టాయి. మంటకి గాలి అందకపోతే గ్యాస్ సరిగ్గా కాలదు, వంటింట్లో విషవాయువు కూడా చేరుతుంది. అదీ కొనకండి.

మరి బిల్లు నిజంగా దేనివల్ల తగ్గుతుందని మా చెల్లెలు అడిగింది. ఆ 3,800లో నాకు ఒక బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే తక్కువ కరెంటు లాగే కొత్త రకం మోటారు ఫ్యాను వచ్చేది. పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, ఇది 30 వాట్ల చుట్టుపక్కల. రోజుకి 12 గంటలు తిరిగితే నెలకి 16 యూనిట్లు మిగులుతాయి. 6 రూపాయల స్లాబులో అది దాదాపు 97 రూపాయలు, వేసవిలో 225 దాటితే ఇంకా ఎక్కువ. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి కాబట్టి కొనేటప్పుడు స్టార్లు చూసుకోవచ్చు. ఈ ప్లగ్గు పెట్టెలకి అలాంటి స్టార్ లేబుల్ ఏదీ లేదు, వాటి మీద స్టార్లు అచ్చేసి చూపించినా నమ్మకండి. దీపావళికి హాల్లో ఒక ఫ్యాను మార్చాం. మిగతావి ఒక్కొక్కటే మారుస్తాం.

విప్పిన పెట్టె నేను పారేయలేదు. నా మాట మీద కొన్న ఆవిడకి విప్పి చూపించి, ఆమె ఇంట్లో పెట్టెని కూడా తీయించాను. పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల మీ వీధిలోకి వీళ్ళు వస్తే వెంటనే నలుగురికీ చెప్పండి. ముఖ్యంగా మధ్యాహ్నం పూట ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి ఈ పోస్టు చదివి వినిపించండి.