జిప్సీకి లిఫ్ట్ చేయించేవాళ్లు జాగ్రత్త: పాత కమాన్ కట్టలు షెడ్డులో వదిలి రాకండి

నా మారుతి జిప్సీకి లిఫ్ట్ చేసిన, అంటే బండి ఎత్తు పెంచిన షెడ్డు పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. బురదలోంచి జిప్సీ ఎగిరొచ్చే ఆ రీల్స్ చూసినవాళ్లకు ఈపాటికే అర్థమైపోయి ఉంటుంది. డబ్బు మొత్తం అందేదాకా ఓనరుకు మనం 'అన్న'లం. అది అందగానే 'సార్' అయిపోతాం.

నాది 2011 జిప్సీ, హార్డ్ టాప్. మారేడుమిల్లి నుంచి గుడిసె కొండ ఎక్కే దారి లాంటి చోట్ల అడుగున రాళ్లు తగలకుండా రెండంగుళాలు లేపించి, పెద్ద 235/75 టైర్లు వేయిద్దామనుకున్నా. అంతకు మించి ఆశలేం లేవు. కొత్త కమాన్ కట్టలు (ఇనప పట్టీలు పేర్చి చేసే స్ప్రింగులు), వాటికి తగ్గ షాక్ అబ్జార్బర్లు, పొడవాటి బ్రేక్ హోసులు అని ఓనరు లెక్క చెప్పాడు. "అంతా బోల్ట్ ఆన్ అన్నా, వెల్డింగ్ అన్న మాటే ఉండదు. రేపు ఆర్సీ రెన్యువల్ టైముకి పాతవి బిగించుకుని దర్జాగా వెళ్లిపోవచ్చు" అన్నాడు. నేను పడిపోయింది ఈ చివరి మాటకే. బండికి పదిహేనేళ్లు నిండుతున్నాయి, ఫిట్‌నెస్‌కి చూపించాలి. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని 2019 సవరణలో చట్టమే చెబుతోంది. మారుతి ఈ బండి తయారీ ఆపేసి ఏళ్లవుతోంది. విప్పిన కంపెనీ కట్టల విలువ జిప్సీ ఉన్నవాడికి వేరే చెప్పాలా?

బిల్లు అడిగితే "జీఎస్టీ పడుద్ది అన్నా, ఎందుకు" అన్నాడు. నేనూ మహా తెలివిగా ట్యాక్సు మిగుల్చుకున్నా.

బండి చేతికొచ్చాక స్టీరింగ్ తేడాగా ఉంది. మలుపులో తిప్పి వదిలితే దానంతటది వెనక్కి రావట్లేదు, ఔటర్ మీద బండి తేలిపోతోంది. ఫోన్ చేస్తే "కొత్త కట్టలు కదా సార్, నాలుగు రోజుల్లో సెట్ అయిపోతాయి" అన్నాడు. ఎన్నాళ్లు చూసినా సెట్ కాలేదు. మా పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన కిందికి దూరి, ఒక పట్టీ మీద గోటితో గీకాడు. నల్ల పెయింట్ ఊడి అడుగున తుప్పు బయటపడింది. ఎవరివో వాడేసిన కట్టలకు పైన ఇంకో పట్టీ జోడించారు. ముందు షాకిళ్లను (కట్ట చివరను చాసిస్‌కి కలిపే ముక్కల్ని) కోసి, మధ్యలో ముక్క అతికించి పొడవు చేశారు. అలా చేస్తే యాక్సిల్ కాస్త తిరిగి క్యాస్టర్, అంటే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం, తగ్గిపోతుంది, స్టీరింగ్ తేలడం అందుకేనట. చాసిస్‌కి జాకీ పెట్టి వెనక చక్రాలు వేలాడదీసేసరికి బ్రేక్ హోసు బట్టలారేసే తీగలా బిగుసుకుపోయింది. అదీ పాతదే. ఘాట్ రోడ్డు మీద అది తెగి ఉంటే ఈ పోస్టు ఉండేది కాదు.

సరే, మోసపోయాం, మన కట్టలు మనం తెచ్చుకుందామని షెడ్డుకి వెళ్లా. అక్కడ ఇంకో జిప్సీ, తెల్లది, స్టాండ్ల మీద ఉంది. వైపర్ కింద జాబ్ కార్డు, దాని మీద 'న్యూ లీఫ్ సెట్', అంటే కొత్త కమాన్ కట్టలు, అని రాసుంది. ఊరికే వంగి చూశా. వెనక కుడివైపు కట్ట క్లిప్పు మీద నీలం మరక. ఒకసారి బుష్‌లు మార్పించినప్పుడు కుడీ ఎడమా కలిసిపోకుండా, ఇంటి గేటుకి వేయగా మిగిలిన పెయింట్‌తో నేనే పెట్టిన గుర్తు అది.

"ఇవి నావి కదా?" అన్నా.

"పాత కట్టల మీద పేర్లు రాసుంటాయా సార్?" అన్నాడు నవ్వుతూ.

మరక చూపించా. పక్కనే పానా పట్టుకున్న కుర్రాడు తల తిప్పేసుకున్నాడు. ఓనరు ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. "పాత సామాను తీసుకెళ్తానని ఎక్కడన్నా రాయించుకున్నారా? షెడ్డులో వదిలేసింది మాకు స్క్రాపే సార్. మీకంత ప్రేమ ఉంటే పదిహేను వేలివ్వండి, వాళ్లకి వేరేవి వేస్తా." నా బండి కింద పద్నాలుగేళ్లు తిరిగిన కట్టల్ని నాకే అమ్ముతున్నాడు! గట్టిగా అడిగితే "మీరు లేపమన్నారు, లేపాం. రీల్స్ చూసి వచ్చి ఇక్కడ లాయర్లవుతారేంటి" అని లోపలికెళ్లి టీ చెప్పుకున్నాడు. ఒక్కటే, వాడికి. మొదటిసారి వెళ్లినప్పుడు నాకు బిర్యానీ పెట్టించిన మనిషి.

పోలీస్ స్టేషన్‌కి వెళ్దామంటే బిల్లు లేదు. పోనీ వెళ్తే ముందు నా బండికి చేసిన మార్పులే అడుగుతారు. వాడి ధైర్యమంతా అదే.

ఎవరైనా చేయించాలనుకుంటే, విప్పిన ప్రతి ముక్కా ఆ రోజే మీ బండిలో వేసుకుని రండి, గ్రీజు కారినా సరే. డెలివరీకి ముందు చక్రాలు వేలాడదీయించి హోసులు చూడండి. షాకిల్ మీద వెల్డింగ్ కనిపిస్తే మిగతా డబ్బు ఇవ్వకండి. ఇంకోటి, కంపెనీ 205/70 టైర్లు తీసేసి 235/75 వేస్తే మీటరు 60 చూపించేటప్పుడు అసలు స్పీడు 66 దాకా ఉంటుంది. అదీ వాడు చెప్పలేదు.

తెల్ల జిప్సీ ఓనరు గారూ, ఈ పోస్టు మీ కంట పడితే వెనక కుడివైపు క్లిప్పు ఒకసారి చూసుకోండి. మీతో నాకు గొడవేమీ లేదు. కొత్త సెట్టుకని మీ దగ్గర ఎంత తీసుకున్నాడో చెప్పండి, ఇద్దరం కలిసి వెళ్దాం.