నల్లరేగడి నేలలో టర్ఫ్ వేయిస్తున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

గుంటూరు, పల్నాడు, నంద్యాల, తాండూరు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి స్థలాల్లో బాక్స్ క్రికెట్‌కో, ఫంక్షన్ హాల్ లాన్‌కో ఆర్టిఫిషియల్ టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి) వేయించాలనుకునే వాళ్లకు ఈ హెచ్చరిక. మాది గుంటూరు దగ్గర రోడ్డు పక్క స్థలం. నేనూ మా బావమరిదీ కలిసి అప్పు తెచ్చి బాక్స్ క్రికెట్ గ్రౌండ్ పెట్టాం. ఎండాకాలంలో పని పూర్తయింది. మొదటి వానాకాలం కూడా దాటలేదు, గ్రౌండ్ మూసేయాల్సి వచ్చింది.

కాంట్రాక్టర్ పేరు ఇక్కడ రాయను. అతను పని చేసిన తీరు మాత్రం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇలాగే చేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

వచ్చిన రోజు నుంచీ మాటలన్నీ గడ్డి గురించే. ఎన్ని ఎంఎం ఎత్తు, ఎంత జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువు), ఎండకు రంగు పోదు, ఇన్నేళ్ల గ్యారంటీ. శాంపిల్ ముక్కలు చేతిలో పెట్టి నలిపి చూపించాడు. నేల సంగతి అడిగితే "మేం చూసుకుంటాం సార్, అన్ని ఊళ్లలో వేస్తున్నాం" అన్నాడు. కొటేషన్‌లో కింది పనికి రాసింది ఒకే లైను: లెవలింగ్, బేస్ ప్రిపరేషన్. ఆ లైను కింద జరిగిందేమిటంటే, జేసీబీతో పైపైన చదును చేసి, కాస్త కంకర పరిచి, దాని మీద క్రషర్ డస్ట్ (కంకర మిల్లులో వచ్చే రాతి పొడి) పోసి రోలర్ తిప్పారు. మే నెల కావడంతో నేల బీటలు తీసి ఉంది. డస్ట్ అంతా ఆ బీటల్లోకి దిగింది. దిగినకొద్దీ ఇంకా పోసి సమం చేశారు.

అసలు దెబ్బ అక్కడే తగిలింది. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని పగులుతుంది. పొలంలో అయితే వానకు మట్టి ఉబ్బి, ఆ పగుళ్లు వాటంతటవే పూడిపోతాయి. మా దగ్గర పగుళ్ల నిండా డస్ట్ ఉంది. ఉబ్బిన మట్టికి పక్కకు జరిగే చోటు లేక పైకి లేచింది. అదీ అంతటా ఒకేలా కాదు. అంచుల్లో వాన నీళ్లు ముందు ఇంకాయి కాబట్టి అంచులు లేచాయి, మధ్య భాగం పల్లమైంది. నీళ్లన్నీ అక్కడ చేరి రోజుల తరబడి నిలిచాయి. టర్ఫ్ అడుగున రంధ్రాలు ఉంటాయి, నిజమే, కానీ వాటి కింద రేగడి నీటిని దిగనివ్వదు కదా! అతుకుల దగ్గర టేపు ఊడింది. కంకర అడుగున మట్టి మెత్తబడి, ఆడేవాళ్ల అడుగులకు బురదై పైకి ఎక్కింది. నెట్ స్తంభాలు ఒరిగాయి. ఒక కుర్రాడి కాలు మడతపడటంతో ఇక బుకింగులు ఆపేశాం.

కాంట్రాక్టర్‌ను పిలిస్తే ఇచ్చిన జవాబు: "గ్యారంటీ టర్ఫ్‌కి సార్, మీ నేలకి కాదు." కాగితం తీసి చూస్తే అలాగే ఉంది. రంగు పోయినా, పోగులు ఊడినా వాళ్ల పూచీ. నేల కదిలి పాడైతే వాళ్లకు సంబంధం లేదు. మళ్లీ అతికించడానికి వేరే డబ్బులు అడిగాడు. పైన ఇంకో పొర డస్ట్ వేస్తే సరిపోతుందని కూడా అన్నాడు. మీకెవరైనా ఆ మాట చెప్తే దయచేసి ఒప్పుకోవద్దు. కింద మట్టి అదే ఉన్నంతకాలం ప్రతి వానాకాలం ఇదే జరుగుతుంది.

తర్వాత ఒక సివిల్ ఇంజనీర్‌ను తీసుకొచ్చి చూపించాం. ఆయన చెప్పిన వాటిలో మీకు పనికొచ్చేవి రాస్తున్నాను.

ముందు మట్టి పరీక్ష. ఫ్రీ స్వెల్ ఇండెక్స్ అని ఉంటుంది. పొడి మట్టిని జల్లించి ఒక గాజు గొట్టంలో నీళ్లలో, మరొక దాంట్లో కిరోసిన్‌లో వేసి 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు కాబట్టి రెండింటి తేడా చూస్తే ఉబ్బు ఎంతో తెలుస్తుంది. 50 శాతం దాటితే ఆ నేల మీద నేరుగా ఏదీ వేయకూడదు. సివిల్ ల్యాబ్ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈ పరీక్ష చేస్తారు. మొత్తం ఖర్చులో దానికయ్యేది చాలా తక్కువ.

రెండోది, పైన రేగడిని తవ్వి తీసేసి, ఉబ్బని గ్రావెల్‌ను పొరలు పొరలుగా, ఒక్కో పొర 150 ఎంఎం మించకుండా, తడిపి రోలింగ్ చేయాలి. ఎంత లోతు తవ్వాలన్నది పరీక్ష ఫలితాన్ని బట్టి ఇంజనీర్ చెప్పాలి, టర్ఫ్ అమ్మేవాడు కాదు. మట్టికీ పై పొరలకీ మధ్య జియో టెక్స్‌టైల్ గుడ్డ తప్పనిసరి. అది లేకపోతే కంకర మట్టిలోకి, మట్టి కంకరలోకి పోతాయి.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు బయటికి పోయే దారి. ఈ సంగతి తవ్వి నింపేవాళ్లు కూడా మర్చిపోతారు. రేగడిలో గుంట తవ్వి కంకర నింపితే అది నీళ్ల తొట్టి అవుతుంది, ఎటూ ఇంకదు. ఒక శాతం వాలు, అడుగున చిల్లుల పైపులు, ఆ పైపులు కలవడానికి బయట కాలువ, ఇవన్నీ ఉండాలి. రోడ్డు కాలువ మీ స్థలం కన్నా ఎత్తులో ఉంటే టర్ఫ్ ఆలోచనకు ముందే ఆ సంగతి తేల్చుకోండి.

"సీసీ బెడ్ (సిమెంట్ కాంక్రీట్ పొర) వేసేస్తే గొడవ లేదు" అనేవాళ్లూ ఉన్నారు. రేగడి మీద పలచగా వేసిన సీసీ కూడా పగులుతుంది. ఊళ్లో పాత ఇళ్ల గచ్చులు చూస్తే తెలుస్తుంది.

డబ్బు విషయం. మా దగ్గర టర్ఫ్ రోల్స్ దిగగానే దాదాపు మొత్తం తీసుకున్నాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే తగ్గింది. మీరు మాత్రం బేస్ పనికి వేరే కొటేషన్ అడగండి. తవ్వే లోతు, పొరల మందం, గుడ్డ, పైపులు అన్నీ కొలతలతో రాయించుకోండి. టర్ఫ్ పరవక ముందు ట్యాంకర్‌తో నీళ్లు పోయించి ఎక్కడ నిలుస్తున్నాయో మీరే నిలబడి చూడండి. ప్రతి దశకూ తేదీ పడేలా ఫొటోలు తీసుకోండి. ఒక వానాకాలం గడిచాకే ఇచ్చేలా కొంత మొత్తం ఆపుకోండి, నేల కుంగినా లేచినా సరిచేసే బాధ్యత తనదేనని సంతకం పెట్టించుకోండి. దానికి ఒప్పుకోనివాడికి పని ఇవ్వకండి.